డ్రాగన్‌ని నమ్మినవాళ్ళు

మూడేళ్ళ కిందటి ఒక ఆదివారం. కొండాపూర్‌లో ఒక స్నేహితుడి ఫ్లాటు. డైనింగ్ టేబుల్ మీద చిప్స్ ప్యాకెట్లు, పెన్సిళ్ళు, రంగురంగుల పాచికలు. ఎప్పుడూ ఆడే ఐదుగురం ఉన్నాం, నలుగురు మగవాళ్ళు, నేను. ఆ రోజు ఆరో మనిషి వచ్చింది. మాలో ఒకతని ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి. ఆట గురించి చదువుకుని, తన పాత్రకి రెండు పేజీల కథ కూడా రాసుకుని మరీ వచ్చింది. ఆమె పాత్ర ఒక కమ్మరి. యాభయ్యేళ్ళ ఆడమనిషి. యుద్ధంలో కొడుకు పోయాక కొలిమి ఆర్పేసి, సుత్తి భుజాన వేసుకుని ఊరు వదిలింది. నిజం చెప్పొద్దూ, ఆ టేబుల్ మీద మా అందరి పాత్రల కంటే అదే బాగుంది.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే అందరూ కూచుని కలిసి చెప్పుకునే కథ. ఒకరు కథ నడుపుతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ మనిషిని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎమ్ అంటారు. మిగతా ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. 'నువ్వొక గుహ ముందు నిలబడ్డావు, ఏం చేస్తావు?' అని డీఎమ్ అడిగితే మీరు చెప్పాలి. చేసే పని కష్టమైనదైతే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. అంతే. స్క్రీన్ ఉండదు, గ్రాఫిక్స్ ఉండవు. నోటితో ఏది చెప్తే అదే ప్రపంచం.

మా డీఎమ్ ఆ కమ్మరిని నగర ద్వారం దగ్గర ఆపాడు. కాపలా సైనికులు తనిఖీ మొదలుపెట్టారు. ఆ తనిఖీ ఎలా జరిగిందో అతను తీరిగ్గా వర్ణించడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి చిన్న గొంతుతో "ఈ సీన్ స్కిప్ చేద్దామా?" అంది. "అరే, మీడీవల్ వరల్డ్ కదా, అప్పట్లో ఇలాగే ఉండేది. రియలిజం" అన్నాడతను. పక్కనున్నవాడు ఒక జోకు వేశాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

అంతకు అరగంట ముందే అదే నగరంలో మేం ఎగిరే తివాచీ కోసం ఒక బల్లిముఖం వ్యాపారితో బేరం ఆడాం. రియలిజం అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. నిప్పులు కక్కే డ్రాగన్‌ని నమ్మారు, చచ్చినవాణ్ణి బతికించే మంత్రాన్ని నమ్మారు. యాభయ్యేళ్ళ ఆడది సుత్తి పట్టుకుని, ఎవడూ చెయ్యి వెయ్యకుండా ఊళ్ళోకి నడిచి వస్తుందంటే మాత్రం నమ్మలేకపోయారు.

అమ్మాయి పాచికల్ని సంచీలో వేసుకుని, "అక్కా, పొద్దున్నే షిఫ్టుంది, వెళ్తాను" అంది. మళ్ళీ రాలేదు. వచ్చే వారం మావాళ్ళు తేల్చేసిన మాట: "అమ్మాయిలకి ఈ ఆట పెద్దగా ఎక్కదులే."

ఆ మాట మీద, ఆ నవ్వు మీద నాకున్న కోపమే ఈ వ్యాసం. అందులో సగం కోపం నా మీద నాకే.

ముందు ఈ రియలిజం సంగతి తేల్చుకుందాం. ఇది మా డీఎమ్ సొంతంగా కనిపెట్టింది కాదు. ఆటతో పాటే వారసత్వంగా వచ్చింది. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటని మూడు చిన్న పుస్తకాలుగా బయటికి తెచ్చారు. మొదటి పుస్తకం పేరు 'మెన్ అండ్ మ్యాజిక్'. మెన్ అంటే మనుషులనే అర్థం లెండి అంటారా? సరే, ఒప్పుకుంటాను. రెండేళ్ళు ముందుకి వెళ్దాం. 1976లో 'ది డ్రాగన్' పత్రిక మూడో సంచికలో లెన్ లకోఫ్కా అనే ఆయన ఆడవాళ్ళని ఆటలోకి ఎలా తీసుకురావాలో ఒక వ్యాసం రాశాడు. ఉద్దేశం ఆహ్వానమే. అయితే ఆ ఆహ్వానంలో స్త్రీ పాత్రకి చరిష్మా తీసేసి దాని బదులు అందం అనే కొలత పెట్టాడు. మగవాళ్ళని వలలో వేసుకునే మంత్రాలు ఇచ్చాడు. బలం కోసం మామూలుగా వేసే మూడు ఆరు ముఖాల పాచికల బదులు, ఒక ఎనిమిది ముఖాలది, ఒక ఆరు ముఖాలది వెయ్యమన్నాడు. అంటే ఎంత అదృష్టం ఉన్నా 14 దాటదు. రండి రండి, కుర్చీ ఉంది, ఒక కాలు విరిచి పెట్టాం, కూచోండి అన్నట్టు.

అది ఒక పత్రికలో ఒకాయన అభిప్రాయం అనుకోవచ్చు. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' అలా కాదు, అది అధికారిక గ్రంథం. అందులో బలానికి పై హద్దుల పట్టిక ఉంది. యోధుడికి బలం 18 పడితే, ఆ పైన నూటికి ఎంతో ఇంకోసారి పాచికలు వేసి చూస్తారు. మానవ పురుషుడు వంద దాకా పోవచ్చు. మానవ స్త్రీ యాభై దగ్గర ఆగాలి. మగవాడి గరిష్ఠ బలానికి దెబ్బ తగలడంలో 3, గాయం చెయ్యడంలో 6 పాయింట్లు కలుస్తాయి. ఆడమనిషి గరిష్ఠ బలానికి కలిసేవి 1, 3. పొట్టివాళ్ళైన హాఫ్లింగ్ జాతిలో స్త్రీకి 14 దగ్గరే గోడ. హాఫ్లింగులు అసలు లోకంలోనే లేరు. లేని జాతి ఆడదానికి కూడా బలం కొలిచి తగ్గించారు.

దీన్ని సమర్థించేవాళ్ళు ఒక మాట అంటారు: "ఆ హద్దు ఆటలో ఎప్పుడో గానీ అడ్డం రాదు కదా, ఎందుకింత గోల?" లెక్క వేద్దాం. మూడు పాచికలు వేస్తే 18 పడే అవకాశం 216లో ఒకటి. నాలుగు వేసి చిన్నది తీసేసే ఉదారమైన పద్ధతిలో కూడా నూటికి రెండు లేదు. అలా పడ్డవాళ్ళలో మళ్ళీ సగం మందికే ఈ గోడ తగులుతుంది. నిజమే, దాదాపు ఎప్పుడూ అడ్డం రాదు. అలాంటప్పుడు ఆ నియమం రాయడం ఎందుకు? ఎన్నడో ఒకనాడు పడబోయే పాచిక కోసం అచ్చులో అంత చోటు ఎందుకు ఖర్చు పెట్టారు? ఆటని సమతూకంగా ఉంచడానికి అది పనికిరాదు. పనికొచ్చేది ఒకదానికే. పుస్తకం తెరిచిన పదమూడేళ్ళ పిల్లకి, మొదటి పాచిక వెయ్యకముందే, ఇక్కడ నీ స్థానం ఇదీ అని చెప్పడానికి.

ఆ మరుసటి ఏడాది, 1979లో, 'డంజన్ మాస్టర్స్ గైడ్' వచ్చింది. నగరంలో తిరిగేటప్పుడు వేశ్య ఎదురైతే ఆమె ఏ రకమో పాచికలు వేసి తేల్చుకోవడానికి అందులో ఒక పట్టిక ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళ గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన చోటు అదొక్కటే. మా డీఎమ్ ఆ పుస్తకం చూసి ఉండడు. అతను పుట్టకముందే అది పాతబడింది. కానీ నగర ద్వారం దగ్గర ఆడమనిషి కనపడగానే అతనికి తట్టిన సన్నివేశం ఆ పట్టికకి దూరపు చుట్టమే.

ఇక రెండో వాదన. "అప్పట్లో ఈ ఆట ఆడే ఆడవాళ్ళు లేరు, అందుకే అలా రాశారు." అబద్ధం. గైగాక్స్ తన నేలమాళిగ కథని మొదటిసారి పరీక్షించింది సొంత పిల్లల మీద, కొడుకు ఎర్నీ, కూతురు ఎలీస్. ఆటకి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు చిన్న కూతురు సిండీకి నచ్చిన పేరే ఖాయం చేశానని ఆయనే చెప్పుకున్నాడు. అంటే ఆటని మొదట ఆడినవాళ్ళలో ఒక ఆడపిల్ల ఉంది, పేరు ఎంచింది ఇంకో ఆడపిల్ల. 1975లో లాస్ ఏంజెలెస్ నుంచి లీ గోల్డ్ అనే ఆవిడ 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అని ఒక పత్రిక మొదలుపెట్టింది. ఆటగాళ్ళు ఎవరి పేజీలు వాళ్ళు రాసి పంపిస్తే అన్నీ కలిపి కుట్టి పంచేది. దశాబ్దాల పాటు నడిపింది. ఈ ఆట గురించి ఆలోచించడం, వాదించుకోవడం జనం నేర్చుకున్న తొలి వేదికల్లో అదొకటి. 'రావెన్‌లాఫ్ట్' (1983) రాసిన ఇద్దరిలో లారా హిక్‌మన్ ఒకరు. డ్రాగన్‌లాన్స్ నవలల ఇద్దరు రచయితల్లో మార్గరెట్ వైస్ ఒకరు. ఆడవాళ్ళు ఉన్నారు. లెక్కలోకి తీసుకోలేదంతే.

జీన్ వెల్స్ కథ మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. టీఎస్‌ఆర్ కంపెనీ 1979లో డిజైన్ విభాగంలోకి తీసుకున్న మొదటి మహిళ. పాఠకుల సందేహాలకి 'డ్రాగన్' పత్రికలో జవాబులు రాసేది. 1981లో 'ప్యాలెస్ ఆఫ్ ది సిల్వర్ ప్రిన్సెస్' అనే సాహసకథ రాసింది, ఆమె పేరుతో వచ్చిన సొంత రచన. నారింజ రంగు అట్టతో అచ్చయింది కూడా. తీరా పెట్టెలు బయల్దేరే వేళకి పైవాళ్ళకి అందులో కొన్ని నచ్చలేదు. ముఖ్యంగా ఒక బొమ్మ, జుట్టుతో కట్టేసి ఉన్న స్త్రీ, చుట్టూ మగవాళ్ళు. ప్రతుల్ని వెనక్కి తెప్పించి చాలా వరకు నాశనం చేశారు. టామ్ మోల్డ్‌వే చేత తిరగరాయించి ఆకుపచ్చ అట్టతో మళ్ళీ వేశారు. ఆ నారింజ ప్రతులు ఎక్కడైనా మిగిలి ఉంటే ఇవాళ కలెక్టర్లు ఎగబడి కొంటారు.

ఆ బొమ్మ నాకూ నచ్చదు. పిల్లలకీ కొత్తవాళ్ళకీ వేసిన పుస్తకంలో ఉండాల్సిన బొమ్మ కాదు. అయితే అదే కంపెనీ, అదే సమయంలో, వేశ్యల పట్టిక ఉన్న పుస్తకాన్ని నిక్షేపంగా అమ్ముకుంటోంది. దాన్ని ఎవరూ వెనక్కి తెప్పించలేదు. మగవాళ్ళు రాసిన తప్పు సంప్రదాయంలో కలిసిపోయింది, ఆడమనిషి పుస్తకంలోని తప్పు చెత్తలో కలిసింది. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఈ లెక్క నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి ఆ బలం హద్దులు తీసేశారు. సంతోషం. కానీ ఆ పుస్తకం మొదట్లోనే సర్వనామాల మీద ఒక వివరణ పెట్టారు. పుస్తకమంతా 'అతను' అనే వాడతాం, ఆడవాళ్ళని బయట పెట్టాలని కాదు, శతాబ్దాల వాడుకలో ఆ మాట అందరికీ వర్తించేలా అరిగిపోయింది అని దాని సారాంశం. ఇది చదివినప్పుడు నాకు మన వ్యాకరణం గుర్తొచ్చింది. చిన్నయసూరి లెక్కలో మహత్తు అంటే ఏమిటి? ఆడవాళ్ళు, పశుపక్ష్యాదులు, ప్రాణం లేని వస్తువులు, వీటిని తీసేయగా మిగిలింది. అందుకే అతను వచ్చాడు. ఆమె వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది. ఏకవచనంలో మన క్రియకి ఆడమనిషికీ బస్సుకీ తేడా తెలియదు. శతాబ్దాల వాడుక ఏం అరగదీస్తుందో మనకి బాగానే తెలుసు.

అయితే అదే వ్యాకరణంలో ఒక తమాషా ఉంది. ఆడవాళ్ళు ఇద్దరైతే చాలు, క్రియ మారిపోతుంది. కుక్కలు వచ్చాయి, బస్సులు వచ్చాయి, వాళ్ళు వచ్చారు. బహువచనంలో ఆడవాళ్ళు మనుషులైపోతారు! సూరిగారు ఏ ఉద్దేశంతో రాశారో గానీ, ఆట టేబుల్ దగ్గర నేను చూసింది సరిగ్గా ఇదే. ఐదుగురిలో ఒక్కదాన్నిగా ఉన్నన్నాళ్ళూ నేను 'మా గ్యాంగులో అమ్మాయి'ని. మిగతా నలుగురికీ దొంగ, యోధుడు, మాంత్రికుడు అని తేడాలున్నాయి, నాకు మాత్రం అమ్మాయి అనేదే తరగతి. ఆ చోటు నిలబెట్టుకోవాలంటే నవ్వాలి. 'తను వేరేవాళ్ళలా కాదు, స్పోర్టివ్' అనిపించుకోవాలి. ఆ ఆదివారం రెండో అమ్మాయి వచ్చినప్పుడు నాకు బహువచనం దొరికింది. దాన్ని కాపాడుకోవాల్సింది పోయి, స్పోర్టివ్ అనే బిరుదు కాపాడుకున్నాను.

ఇప్పుడు కొందరు అడుగుతారు: "ఇదంతా పాత చరిత్ర. ఇప్పుడు మారింది కదా?" మారింది. 1991లో 'వాంపైర్: ది మాస్కరేడ్' వచ్చాక ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఆటలోకి వచ్చారు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ పుస్తకం, నీ పాత్ర స్త్రీయా, పురుషుడా, రెండూ కాదా అన్నది నీ ఇష్టం, దానివల్ల పాయింట్లు పెరగవు తగ్గవు అని తేల్చి చెప్పింది. తమ ఆటగాళ్ళలో దాదాపు 40 శాతం స్త్రీలని 2020 ప్రాంతంలో కంపెనీయే ప్రకటించింది. మెగీ బేకర్ భర్తతో కలిసి రూపొందించిన 'అపోకలిప్స్ వరల్డ్' (2010) పద్ధతిని పట్టుకుని డజన్ల కొద్దీ ఆటలు పుట్టాయి. 2022లో వచ్చిన 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్'లో బెంగాల్ ఛాయలున్న కథ రాసింది మిమి మొండల్, దళిత రచయిత్రి. నగర ద్వారం ఎలా ఉండాలో ఒక్క యూరప్‌నే అడగక్కర్లేదని ఆ పుస్తకం చూపించింది.

పుస్తకం మారింది. టేబుల్ సంగతేంటి? ఈ ఆటలో పుస్తకం రాజ్యాంగం లాంటిదైతే, డీఎమ్ ఊరి పెద్ద లాంటివాడు. రాజ్యాంగంలో ఏం రాసుందో ఊళ్ళో అంతా అలాగే జరిగిపోతోందా? పైగా పాత తప్పుని తప్పు అన్నా ఓర్చుకోలేరు. 2024లో ఆటకి యాభయ్యేళ్ళు నిండాయని తొలి రోజుల పత్రాలన్నీ కలిపి కంపెనీ ఒక పెద్ద పుస్తకం వేసింది. వీటిలో కొన్ని చోట్ల స్త్రీల పట్ల చులకన ఉంది అని ముందుమాటలో ఒక మాట అన్నందుకు ఎంత రభస! ఎలాన్ మస్క్ దాకా వెళ్ళింది. పత్రాల్లో ఒక్క అక్షరం తీసెయ్యలేదు. ఉన్నదాన్ని ఉంది అన్నారు, అంతే. దానికే గైగాక్స్ పరువు పోయిందట.

ఈ ఆటకి మిగతా కళల కంటే ఎక్కువ బాధ్యత ఉందని నేనంటాను. నవల రాసేవాడికి చరిత్ర అడ్డమొస్తుంది, సినిమా తీసేవాడికి బడ్జెట్ అడ్డమొస్తుంది. ఇక్కడ ఏ అడ్డూ లేదు. ఎగిరే కోటకి రూపాయి ఖర్చు లేదు. ఏదైనా ఊహించగలిగే చోట కూచుని కూడా ఆడమనిషిని అవమానించే సన్నివేశమే ఊహకి అందిందంటే, అది మీడీవల్ యూరప్ తప్పు కాదు. ఎవరో ఎంచుకున్నారు. ఎంచుకున్నవాళ్ళు జవాబు చెప్పాలి.

పరిష్కారాలు లేవా అంటే ఉన్నాయి, చాలా సులువైనవి. జాన్ స్టావ్రొపోలస్ చేసిన 'ఎక్స్ కార్డ్' అని ఒకటుంది. కాగితం మీద ఇంటూ గుర్తు గీసి టేబుల్ మధ్యలో పెడతారు. ఇబ్బంది అనిపిస్తే ఎవరైనా దాన్ని తాకొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, కథ ఆ సన్నివేశం దాటి ముందుకెళ్తుంది. రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన 'గీతలు, తెరలు' అని ఇంకోటి. ఏవి అసలు కథలోకి రాకూడదో, ఏవి తెరచాటున జరగొచ్చో ఆట మొదలవకముందే అందరూ కూచుని అనుకుంటారు. పది నిమిషాల పని. "ఇలాగైతే ఆట చప్పగా ఉంటుంది" అంటారు. భయం ఉండొద్దని ఎవరన్నారు? కమ్మరి ఆమె నేలమాళిగలో దయ్యాల మధ్య చావొచ్చు, చేతులు పోగొట్టుకోవచ్చు, కొడుకుని చంపినవాడి ముందు ఓడిపోవచ్చు. ఆ భయాల కోసమే ఆమె వచ్చింది. తోవలో రోజూ ఎదురయ్యే భయాన్ని ఆదివారం పూట కూడా వడ్డించమని ఎవరూ అడగలేదు.

తోవ అంటే గుర్తొచ్చింది. మా ఆట ఆదివారం నాలుగింటికి మొదలై ఎనిమిదిన్నర దాటేది. ఎవరికుంటుంది వరసగా నాలుగున్నర గంటల ఆదివారం? మా గ్యాంగులో పెళ్ళైన మగవాళ్ళు ఇద్దరు. పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారని వాళ్ళని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. టీ పెట్టాల్సి వస్తే ఆ ఇంటావిడ వచ్చి పెట్టేది. ఆమెకీ ఒక పాత్ర ఇద్దామా అని రెండేళ్ళలో మాలో ఒక్కరికీ తోచలేదు, నాక్కూడా. రాత్రి తొమ్మిదింటికి క్యాబ్ ఎక్కి లొకేషన్ షేర్ చేసేది మాత్రం నేనొక్కదాన్నే. 'అందరూ ఆహ్వానితులే' అని వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే సమానత్వం అయిపోదు. వేళ మార్చాలి, చోటు మార్చాలి, టీ వంతులు వెయ్యాలి.

ఇక "అమ్మాయిలకి ఈ ఆట ఎక్కదు" అనే మాట. మా అమ్మమ్మ మిట్టమధ్యాహ్నం అరుగు మీద గవ్వలు విసిరి అష్టాచెమ్మా ఆడుతుంటే అవతలి పంట అడ్డంగా నరికేది, దయా దాక్షిణ్యం ఉండేది కాదు. బొమ్మల పెళ్ళిలో మగపెళ్ళివారి పాత్ర కట్టి, కట్నం దగ్గర అలిగి, విందులో వంకలు పెట్టి, మధ్యలో రాజీ కుదిర్చే పెద్దమనిషిగా మారిపోయిన ఎనిమిదేళ్ళ పిల్లలు మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్నారు. పాత్రలోకి దూకడం, పాచిక మీద నమ్మకం పెట్టడం ఆడపిల్లలకి గైగాక్స్ నేర్పాల్సిన విద్యలేం కావు. ఎక్కనిది ఆట కాదు, ఆ గది.

ఏడాదిగా ఆట నేనే నడుపుతున్నాను. వేరే ఇల్లు, పొద్దున పదింటికి మొదలు. ఏడుగురం, అందులో నలుగురం ఆడవాళ్ళం. పాత గ్యాంగు నుంచి ఒకతను వస్తాడు. మొదటిరోజు గీతలు, తెరలు అనుకుంటున్నప్పుడు అతను కాసేపు నేల చూపులు చూసి, "చిన్నపిల్లలకి ఏమన్నా అయ్యే సీన్లు వద్దు నాకు" అన్నాడు. అంతకు ముందు ఏడాదే వాళ్ళ బాబు రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. రెండేళ్ళు ఒకే టేబుల్ మీద ఆడాం, ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అడిగితే అతనికీ మేలే జరిగింది.

ఆ కమ్మరి అమ్మాయికి మెసేజ్ పెట్టాను. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది, 'ఈ సీన్ మనకెందుకు' అని నేనూ అనాల్సింది, తప్పు నాది అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఇవ్వాల్సిన బాకీ ఆమెకేం లేదు.

మీ టేబుల్ దగ్గరికి ఈ ఆదివారం ఎవరో ఒకమ్మాయి రెండు పేజీల కథ రాసుకుని రావొచ్చు. నగర ద్వారం దగ్గర ఆమె నిలబడి ఉంటుంది. లోపలికి రానివ్వండి. లోపల డ్రాగన్ ఉంది, ఆమె వచ్చింది దానికోసం.